ఏబీఎస్ ఫ్యూజ్ పీకెయ్యమంటున్నారు, పీకెయ్యనా?

ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టొద్దన్నారు. విషయం క్లుప్తంగా ఇదీ.

ఇంట్లో ఉన్నది ఒకటే కారు. వారమంతా భార్యాభర్తలిద్దరూ అదే వాడుకుంటారు. పొద్దున్నే పాపను స్కూల్లో దింపేది ఎక్కువగా ఆవిడే. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం ఈయన అదే కారులో ఆటోక్రాస్‌కో, ట్రాక్ డేకో వెళ్తారు. పెళ్లికి ముందు నుంచీ ఉన్న సరదా. ఆటోక్రాస్ అంటే కోన్‌ల మధ్య కారు తిప్పుతూ సమయం లెక్కపెట్టే పోటీ, ట్రాక్ డే అంటే రేస్ ట్రాక్ మీద ఎవరి కారు వాళ్లు నడుపుకునే రోజు. ఈమధ్య రెండు సంఘటనలు ఆయన్ని కుదిపేశాయి. మొదటిది రోడ్డు మీద. వానలో ఇంటికి వస్తుంటే ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. బ్రేక్ బలంగా తొక్కగానే పెడల్ పాదం కింద టకటకా కొట్టుకుంది, బానెట్ కింద నుంచి గరగరమని చప్పుడు వచ్చింది. ఏదో విరిగిందనుకుని కాలు తీసేశారు. మళ్లీ తొక్కి ఆపేసరికి లారీకీ బంపర్‌కీ మధ్య బెత్తెడు సందు మిగిలింది.

రెండోది ట్రాక్ మీద. ముందు చక్రాలకు రేస్ ప్యాడ్లు (డిస్కును నొక్కి చక్రాన్ని ఆపే బ్రేక్ ప్యాడ్లలో రేసుల రకం) వేయించాక వెళ్లిన మొదటి ట్రాక్ డే అది. పొడవాటి స్ట్రెయిట్ చివర, సరిగ్గా బ్రేక్ వేసే చోట రోడ్డు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుందట. అక్కడ ఆలస్యంగా, ఒక్క తన్ను తన్నినట్టు తొక్కారు. పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. కారు వేగం పెద్దగా తగ్గకుండా నేరుగా ట్రాక్ పక్కనున్న గ్రావెల్‌లోకి వెళ్లిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఏబీఎస్ అంటే, బ్రేక్ బలంగా తొక్కినా చక్రాలు తిరగడం ఆగి జారిపోకుండా, అంటే లాక్ కాకుండా చూసే ఏర్పాటు. వాళ్ల బృందంలో ఒక సీనియర్ ఉన్నారు. "ఏబీఎస్ డ్రైవింగ్ రానివాళ్ల కోసం. ఫ్యూజ్ పీకి అవతల పారెయ్" అని అందరి ముందూ అన్నారట. మిగతావాళ్లు నవ్వారు. ఇంటికొచ్చి చెబితే ఆవిడ, "ఫ్యూజ్ తీస్తే నేనూ పాపా ఆ కారెక్కం" అన్నారు. చివర్లో ఈయన ఇలా రాశారు: "పైగా ఈ మధ్య పొద్దున్నే ఒకటి రెండు చోట్ల బ్రేక్ పట్టడం లేదంటోంది. నా కబుర్లు విని భయపడుతోందని సర్దిచెప్పాను. ఫ్యూజ్ తియ్యనా? ఏబీఎస్ లేని పాత కారు ఒకటి కొననా? అసలీ సరదానే మానుకోనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు."

మీరు చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసిన సంగతితోనే మొదలుపెడతాను. మీ ఆవిడది భయం కాదు. ఆవిడ చెప్పింది నిజమై ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది.

రేస్ ప్యాడ్లు వేడెక్కితేనే పట్టుకుంటాయి. ట్రాక్ మీద డిస్కులు కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉంటాయి, అక్కడ అవి అద్భుతంగా పని చేస్తాయి. రాత్రంతా నిలబడి చల్లారిన కారు పొద్దున్నే బయల్దేరితే అదే ప్యాడ్ డిస్కు మీద జారుతుంది. మామూలుగా తొక్కే తొక్కుడుకి రావాల్సిన బ్రేక్ రాదు. నాలుగైదుసార్లు గట్టిగా తొక్కాక కొంచెం దారికొస్తుంది. మీరు సాయంత్రాలు, ట్రాఫిక్‌లో నడిపి నడిపి వేడెక్కిన కారుని చూస్తున్నారు. చల్లారిన కారు మొదటి బ్రేక్ ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నది ఆవిడ. రేపు పొద్దున్నే మీరే తాళాలు తీసుకుని, వెనకాముందూ ఎవరూ లేని చోట, ఇంటి నుంచి బయల్దేరగానే ఒక్కసారి ఆపి చూడండి. అనుమానం తీరిపోతుంది.

దీన్నుంచి ఏబీఎస్ మిమ్మల్ని కాపాడలేదు. ఏబీఎస్ మీరు తొక్కిన ఒత్తిడిని అవసరమైనప్పుడు తగ్గిస్తుంది, మళ్లీ అక్కడిదాకా రానిస్తుంది. ప్యాడ్‌కి లేని పట్టును అది తెచ్చిపెట్టలేదు. అంచేత ఫ్యూజ్ చర్చ పక్కనపెట్టి, ఈ వారంలోనే రోడ్డు ప్యాడ్లు తిరిగి వేయించండి. ట్రాక్‌కి వెళ్లే ముందు రోజు మార్చుకుని, వచ్చాక మళ్లీ మార్చుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. లేదా చల్లగా ఉన్నప్పుడూ పట్టే, ఓ మోస్తరు ట్రాక్ వేడినీ తట్టుకునే రకం ప్యాడ్లు ముందూ వెనకా కలిపి ఒక సెట్టుగా వేయించుకోవచ్చు. వాటితో ల్యాప్‌లు కొన్ని తక్కువ తిరగాల్సి వస్తుంది. వచ్చిన నష్టం అంతే.

ఇక మీ రెండు సంఘటనలు. మీరు వాటిని ఒకే కథగా రాశారు, మీ సీనియర్ కూడా ఒకే కథగానే విన్నారు. కానీ అవి రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

లారీ వెనక జరిగినప్పుడు ఏబీఎస్ చెయ్యాల్సిన పని చేసింది. ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సార్ ఆ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తుంటుంది. ఒక చక్రం మిగతావాటికన్నా ఉన్నట్టుండి నెమ్మదిస్తే, అది లాక్ కాబోతోందని లెక్క. వెంటనే ఆ చక్రానికి వెళ్లే బ్రేక్ ఆయిల్ దారి మూసి, ఉన్న ఒత్తిడి కాస్త వదిలి, చక్రం తేరుకోగానే మళ్లీ ఒత్తిడి పెంచుతుంది. ఇది సెకనుకు చాలాసార్లు జరుగుతుంది. మీ పాదానికి తగిలిన ఆ టకటక ఇదే. గరగర శబ్దం ఆయిల్‌ని వెనక్కి పంపే మోటారుది. ఏదీ విరగలేదు. మీరు కాలు తీయడం వల్లే దూరం పోయింది. 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అర సెకను కాలు తీస్తే 8 మీటర్లు బ్రేక్ లేకుండా వెళ్లినట్టే. ఆ 8 మీటర్లు ముందే ఆగి ఉంటే మీరు ఈ ఉత్తరమే రాసేవారు కాదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పెడల్ అలా కొట్టుకుంటుందని ముందే చూపించకపోతే మొదటిసారి చాలామంది కాలు తీస్తారు.

ట్రాక్ మీద జరిగింది వేరు. మీరు రాసిన లక్షణాలు, అంటే గతుకు, హఠాత్తు తొక్కుడు, బిగుసుకున్న పెడల్, టకటక లేకపోవడం, ఇవన్నీ చూస్తే ట్రాక్ వాళ్లు 'ఐస్ మోడ్' అనేదానికి సరిపోతున్నాయి. కారు బరువు ఇంకా ముందుకు వాలకముందే, పైగా గతుకు దగ్గర టైరు రోడ్డును సరిగ్గా అదమని క్షణంలో, రేస్ ప్యాడ్లతో ఒక్కసారిగా తొక్కారు. చక్రాలన్నీ దాదాపు ఒకేసారి ఠక్కున నెమ్మదించాయి. కంప్యూటర్‌కి కళ్లు లేవు. కారు వేగాన్ని కూడా అది ఆ చక్రాలను చూసే అంచనా కడుతుంది. అన్నీ ఒకేసారి ఆగబోతున్నాయంటే రోడ్డు మంచులా జారుడుగా ఉందనుకుని, ఒత్తిడి బాగా తగ్గించి పట్టుకుని కూర్చుంది. ఆయిల్ ముందుకు పోయే దారి మూసుకుపోయింది కాబట్టి పెడల్ రాయిలా తగిలింది.

ఒక మాట ముందే చెప్పాలి, పెడల్ గట్టిపడటానికి ఇంకా కారణాలు ఉంటాయి. కాలి ఒత్తిడిని పెంచి బ్రేక్‌కి అందించే బూస్టర్‌కి ఇంజన్ నుంచి వాక్యూమ్ అందకపోతే కూడా పెడల్ కట్టెలా ఉంటుంది, అయితే అది ఒక్క మలుపు దగ్గరే కాదు, ప్రతిచోటా ఉంటుంది. ప్యాడ్లు మితిమీరి కాలితే పెడల్ మామూలుగానే ఉండి బ్రేక్ తగ్గుతుంది, అదీ ల్యాప్ ల్యాప్‌కీ కొంచెం కొంచెంగా. బ్రేక్ ఆయిల్ మరిగితే దీనికి వ్యతిరేకంగా పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. మీ కారును మెకానిక్‌కి చూపించేటప్పుడు "బ్రేక్ పట్టలేదు" అని ఊరుకోకండి. ఎక్కడ, ఎలా, పెడల్ ఎలా తగిలింది అనేవన్నీ చెప్పండి, మీ ఉత్తరంలో రాసినంత వివరంగా.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఐస్ మోడ్‌లో పడితే మందు ఏమిటంటే, పెడల్ ఒక్క క్షణం వదిలి మళ్లీ తొక్కడం. రోడ్డు మీద ఏబీఎస్ పని చేస్తున్నప్పుడు మందు ఏమిటంటే, ఎట్టి పరిస్థితుల్లో వదలకపోవడం. మీరు రోడ్డు మీద వదిలారు, ట్రాక్ మీద వదల్లేదు. రెండుచోట్లా తలకిందులైంది. అందుకే మీకు ఆ పరికరం మీదే నమ్మకం పోయింది. గుర్తు పెట్టుకోవాల్సిన తేడా పాదానికి తెలిసేదే. పెడల్ కొట్టుకుంటుంటే అది పని చేస్తోంది, కాలు అలాగే ఉంచి స్టీరింగ్ తిప్పి తప్పించుకోండి. ట్రాక్ మీద గతుకు దాటాక పెడల్ కదలకుండా బిగుసుకుని, ఛాతీ సీటుబెల్టు మీద వాలడం ఆగిపోతే, వదిలి మళ్లీ తొక్కండి. ఈ రెండోదాన్ని రోడ్డు మీదకి తేకండి. రోడ్డు మీద బ్రేక్ తక్కువగా పడుతోందంటే నిజంగానే అక్కడ నూనో, ఇసుకో, తడి ఆకులో ఉంటాయి. వదిలితే ఉన్నదీ పోతుంది.

మీ సీనియర్ మాటకి వద్దాం. ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. చక్రం కొంచెం జారుతూ, కొంచెం తిరుగుతూ ఉన్నప్పుడు టైరు పట్టు అన్నిటికన్నా ఎక్కువ. తారు రోడ్డు మీద ఆ జారుడు సుమారు 10 నుంచి 20 శాతం దగ్గర ఉంటుంది. బాగా సాధన ఉన్నవాళ్లు పొడి రోడ్డు మీద, నేరుగా వెళ్తూ, పాదంతోనే ఆ అంచున నిలబెట్టగలరు. వదులు కంకర మీదైతే లాక్ అయిన చక్రం ముందు రాళ్లు గుట్టగా పేరుకుని కారును ఆపుతాయి, ఏబీఎస్ ఆ గుట్టను పేరుకోనివ్వదు, ఆగే దూరం పెరుగుతుంది. మట్టి ర్యాలీల్లో తిరిగినవాళ్లకి ఏబీఎస్ అంటే పడకపోవడానికి అదొక కారణం.

కానీ "రానివాళ్ల కోసం" అన్న మాట నిలబడదు. 1978లో మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాస్‌లో బాష్ తయారుచేసిన ఏబీఎస్ వచ్చినప్పుడు దాని ప్రధాన ఉద్దేశం, బ్రేక్ నిండా తొక్కి ఉన్నా స్టీరింగ్ పని చెయ్యడం. 1993లో ఫార్ములా వన్‌లో విలియమ్స్ కార్లకు కూడా ఏబీఎస్ ఉండేది. 1994 నుంచి దాన్ని నిషేధించారు. పనికిరాకపోతే నిషేధించే శ్రమ ఎవరు తీసుకుంటారు? ఇవాళ జీటీ3 రేసుల్లో (రోడ్డు స్పోర్ట్స్ కార్లను రేసులకు తగ్గట్టు మార్చి నడిపే పోటీల్లో) వృత్తి డ్రైవర్లే ఏబీఎస్ ఉన్న కార్లు నడుపుతున్నారు. పైగా ఎంత చేయి తిరిగినవాడైనా నాలుగు చక్రాలకూ ఒకే పెడల్‌తో ఒకే రకం ఆజ్ఞ ఇవ్వగలడు. ఏబీఎస్ విడివిడిగా సర్దుతుంది. ఎడమ చక్రాలు తడి మీద, కుడి చక్రాలు పొడి మీద ఉంటే ఆ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఫ్యూజ్. తీస్తే ఏబీఎస్ ఒక్కటే పోతుందనుకుంటున్నారు. చాలా కార్లలో ముందు వెనక చక్రాల మధ్య బ్రేక్‌ని పంచే పని కూడా అదే యూనిట్ చేస్తుంది. పాత కార్లలో దీనికి విడిగా ఒక వాల్వ్ ఉండేది, కొత్తవాటిలో సాధారణంగా అది ఉండదు. ఫ్యూజ్ తీయగానే ఆ పంపకం పోతుంది, కారు పక్కకు తిరగకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ పోతుంది, కొన్ని కార్లలో స్పీడోమీటరు కూడా పోతుంది. గట్టిగా బ్రేక్ వేస్తే బరువు ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి. ఆపే యూనిట్ లేకపోతే అవే మొదట లాక్ అవుతాయి. ముందు చక్రాలు లాక్ అయితే కారు నేరుగా పోతుంది. వెనకవి లాక్ అయితే వెనక భాగం ముందుకు వచ్చేస్తుంది, దాన్ని సరిచేసుకునే వ్యవధి ఉండదు.

ఇక మీ కారులో ముందు చల్లారిన రేస్ ప్యాడ్లు, వెనక మామూలు ప్యాడ్లు. పొద్దున పూట ముందు బ్రేక్ పట్టకపోవడంతో ఎవరైనా ఇంకా గట్టిగా తొక్కుతారు. వెనక చక్రాలకు అది మోతాదు మించుతుంది. ఆదివారం తీసిన ఫ్యూజ్ సోమవారం పెట్టడం మీరు మరిచిపోయారనుకోండి, తడి మలుపులో ఆ స్టీరింగ్ వెనక ఉండేది ఎవరు? ఆవిడ కారెక్కనన్నది అలకతో అన్న మాటగా మీరు రాశారు. నాకలా అనిపించలేదు.

అయినా ఫ్యూజ్ తీసి నేర్చుకునేవాళ్లు ఉన్నారు, దాన్ని మీ ముందు లేనట్టు దాచను. తియ్యాలనే ఉంటే కోన్‌లు పెట్టిన విశాలమైన చదును నేల మీద, తక్కువ వేగంలో, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా చెయ్యండి. ముందూ వెనకా ఒకే రకం ప్యాడ్లతో చెయ్యండి. ఆ ఈవెంట్ నియమాలు దానికి ఒప్పుకుంటాయో లేదో ముందే అడగండి. ఒకట్రెండు లాక్‌లకే టైరు ఒకచోట అరిగి చదునైపోతుంది, ఆ తర్వాత స్టీరింగ్ అదురుతూనే ఉంటుంది, ఆ టైరు ఖర్చు మీదే. తీసిన ఫ్యూజ్‌ని తాళాల గుత్తికే తగిలించుకోండి, అది పెట్టకుండా కారు ఆవరణ దాటకూడదు. ప్రమాదం జరిగి, భద్రతా పరికరాన్ని కావాలనే ఆపారని తేలితే బీమా క్లెయిమ్ చిక్కుల్లో పడొచ్చు. ట్రాక్ వేగాల్లో మాత్రం ఈ దారి మీకిప్పుడే వద్దని నా అభిప్రాయం.

పాత కారు ఆలోచన నాకు ఎక్కువ నచ్చింది. ఏబీఎస్ లేకుండానే పుట్టిన కారుకి బ్రేక్ పంపకం ఆ లెక్క ప్రకారమే చేసి ఉంటారు. దాంతో అంచున బ్రేక్ వెయ్యడం నేర్చుకుంటే పాదానికి వచ్చే నైపుణ్యం రోడ్డు కారులోనూ పనికొస్తుంది. ఇంటి కారు రెండు పడవల మీద కాళ్లు పెట్టాల్సిన పని కూడా తప్పుతుంది. అయితే పాత కారంటే పాత సీటుబెల్టు, పాత బ్రేక్ గొట్టాలు, తుప్పు. కొన్న ఖర్చు కన్నా దాన్ని ట్రాక్‌కి తగినట్టు చేసే ఖర్చు ఎక్కువ కావచ్చు. ఆదివారాలకు తోడు శనివారాలు కూడా షెడ్డులో పోతాయి. ఆ లెక్క ఇంట్లో కూర్చుని ఇద్దరూ వెయ్యాల్సినది. రేసుల కోసం చేసిన, నాబ్ తిప్పి మార్చుకునే ఏబీఎస్ కిట్లు కూడా దొరుకుతాయి. నెలకో ఆదివారం వెళ్లే మనిషికి అంత అక్కర్లేదు.

మిగిలింది అన్నిటికన్నా తక్కువ ఆర్భాటమైన దారి. ఏబీఎస్ ఉంచి, దాంతోనే నేర్చుకోవడం. ట్రాక్ మీద బ్రేక్‌ని రెండు అంచెల్లో తొక్కండి. మొదట కారు ముక్కు కిందికి వంగేంత, వంగిన వెంటనే నిండుగా. చూసేవాళ్లకి ఒకే తొక్కుడులా ఉంటుంది, కానీ ఆ చిన్న వ్యవధిలో బరువు ముందు టైర్ల మీదకి వస్తుంది. ఆ గతుకు ఉన్న చోట గతుకు కన్నా ముందే బ్రేక్ మొదలుపెట్టండి, ల్యాప్‌కి కాస్త సమయం పోయినా పర్లేదు. టకటక మొదలైందంటే మీరు అంచు దాటారన్న కబురు. తర్వాతి ల్యాప్‌లో అది మొదలవకుండా అంతే ఆలస్యంగా బ్రేక్ వెయ్యడానికి ప్రయత్నించండి. మీ సీనియర్ చెప్పే నైపుణ్యం ఇలా కూడా వస్తుంది, ఫ్యూజ్ ఉన్నచోటే ఉంటుంది.

బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ (డబ్బా మీద రాసి ఉండే డాట్ అంకె బ్రేక్ ఆయిల్ రకాన్ని చెబుతుంది) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ప్రమాణం 155 డిగ్రీలే. ట్రాక్‌కి వెళ్లే కారులో ఏడాదికొకసారైనా మార్చాలి. డాట్ 5 అని రాసి ఉన్న సిలికాన్ రకం మాత్రం ఏబీఎస్ ఉన్న కారులో పొయ్యకండి. డాట్ 5.1 వేరు, అది పొయ్యొచ్చు.

సరదా మానుకోవాలా అన్నారు. మానుకుంటే లారీ వెనక జరిగింది మళ్లీ జరగదా? అది జరిగింది రోడ్డు మీద. రోడ్డు మీద కావాల్సింది ముందు బండికి ఇంకొంచెం ఎడం, పాదానికి ఆ టకటక అలవాటు. 1980ల్లో మ్యూనిక్‌లో టాక్సీలు కొన్నింటికి ఏబీఎస్ పెట్టి, కొన్నింటికి పెట్టకుండా పోల్చి చూశారు. ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఉన్నవాళ్లు దాన్ని నమ్ముకుని మరింత దూకుడుగా నడిపారు. ఎడం సంగతి అందుకే చెబుతున్నాను.

రోడ్డు ప్యాడ్లు వేయించాక ఇద్దరూ కలిసి, మనుషులూ బళ్లూ లేని విశాలమైన ఖాళీ స్థలానికి వెళ్లండి. నేల తడిగా ఉంటే మరీ మంచిది. 40, 50 కిలోమీటర్ల వేగంలో నేరుగా వెళ్తూ బ్రేక్ నిండా తొక్కి, కారు పూర్తిగా ఆగేదాకా వదలకండి. రెండోసారి తొక్కి ఉంచే స్టీరింగ్ కొంచెం తిప్పండి, కారు తిరుగుతుంది. తర్వాత స్టీరింగ్ ఆవిడకి ఇచ్చి మీరు పక్క సీట్లో కూర్చోండి. మీరు చెప్పడం కన్నా ఆవిడ పాదానికి తెలియడం ముఖ్యం. పొద్దున బ్రేక్ గురించి చెప్పినప్పుడు కొట్టిపారేసినందుకు ఆ పూటే ఓ మాట అనేస్తే బావుంటుంది, అది మీ ఇష్టం.

ముందు చక్రాలకు మాత్రమే వేరే సైజు టైర్లు వేయించాలనుకుంటున్నానని ఉత్తరం కింద చిన్న అక్షరాల్లో రాశారు. వెడల్పు సంగతి తర్వాత, ముందు వెనక చుట్టుకొలత తేడాలో కంపెనీ అనుమతించిన హద్దు దాటకండి. చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, సెన్సార్లు దాన్ని వేగంలో తేడాగా లెక్కపెడతాయి, ఏబీఎస్ అక్కర్లేని చోట కలగజేసుకోవడం మొదలుపెడుతుంది.